అక్క అని రాసిన రిపోర్టు

పోలీసు శాఖలో యూనిఫాం వేసుకోని కొలువు ఒకటుంది. దాన్ని స్పెషల్ బ్రాంచి అంటారు. రిటైరై జనగామలో ఉంటున్నానని తెలిసి, కొత్తగా ఆ బ్రాంచిలో పడ్డ పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. చాయ్ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు. "సార్, ఈడ పనేమన్న ఉంటదా, ఉత్తగ కూసునుడేనా?"

వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ పట్టీ పెరిగింది, ఏ సారు ఏ సర్టిఫికెట్ ఇచ్చాడు అన్నవి ఇందులో లేవు. అవి మా ఆవిడకే గుర్తు లేవు.

నా కొలువులో ఎక్కువ భాగం విదేశీయుల పనే చూశాను. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామల్లో విదేశీయులేంటని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఇక్కడ సముద్రం లేదు, తాజ్‌మహల్ లేదు. అయినా వస్తారు. ఒకరు యంత్రం బిగించడానికి, ఒకరు స్నేహితుడి ఇంట్లో పెళ్లికి, ఒకరు గుడి ఫొటోలు తీసుకోవడానికి. ఇంకో రకం ఉంది. తక్కువ ఖర్చులో బతకొచ్చు, మనుషులు మంచివాళ్లు, ఇక్కడే ఉంటాం అంటారు. ఈ చివరి రకం మన శాఖకు ఒక పట్టాన అర్థం కాదు. చూసిపోయేవాళ్లను మర్యాద చేస్తాం, ఉంటానన్నవాళ్లను అనుమానిస్తాం. ఆ రెండో పని నేనూ చాలాకాలం చేశాను.

భూపాలపల్లి ముగ్గులు

అప్పటికి భూపాలపల్లి ఇంకా జిల్లా కాలేదు. కరెంటు ప్లాంటు పని మీద యూరప్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పొడుగు మనిషి, ఎండకు టమాట పండులా ఎర్రబడేవాడు. పొద్దున్నే కాలనీ గేటు దాటి బస్తీలోకి వచ్చి, ఒక్కో ఇంటి ముందు ఆగి, జేబులోంచి నోటుబుక్కు తీసి ఏదో గీసుకునేవాడు. తర్వాత పక్కింటి ముందు ఆగేవాడు.

ఇళ్ల మ్యాపులు గీస్తున్నాడని నాకు గట్టి అనుమానం వచ్చింది. లుంగీ కట్టి, నోట్లో వేపపుల్ల పెట్టుకుని మూడు రోజులు ఆయన వెనక తిరిగాను. నా పళ్లు అంత శుభ్రంగా అంతకు ముందు లేవు, తర్వాతా లేవు. నాలుగో రోజు మా ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు గొప్పగా చెప్పాను.

ఆయన తొందరపడే మనిషి కాదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఆ ఇంజనీరు ఎదుటికి పోయి, పుస్తకంలో ఏముందని అడిగాడు. ఆయన సంతోషంగా తెరిచి చూపించాడు. అన్నీ ముగ్గులే. చుక్కలు ఎన్నో పక్కన అంకెలు కూడా వేసుకున్నాడు. భార్యకు ముగ్గులంటే ఇష్టమట, వారానికోసారి ఫొటో తీసి పంపిస్తాడట. సాబ్ పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగి నా వైపు తిప్పాడు. "సమ్మయ్యా, గిది మీ ఇంటి ముందటి ముగ్గే గదా" అన్నాడు.

అవును, మా ఇంటిదే. మా ఆవిడ వేసినదే. ఆయన దాన్ని గీసుకుంటున్నప్పుడు నేను మా గోడ చాటునే నిలబడి ఉన్నాను.

తిరిగి వస్తూ సాబ్ నన్ను తిట్టలేదు. వెంటపడే ముందు ఒకసారి ఎదురుపడి అడగమని మాత్రం చెప్పాడు. చాలా రోజులు స్టేషన్‌లో నన్ను చూడగానే ఎవరో ఒకరు చుక్కలెన్ని అని అడిగేవారు.

ఎవరికి కుర్చీ వేశాం

మహబూబాబాద్ వైపు పని చేస్తున్నప్పుడు చేసిన తప్పు మాత్రం నవ్వుకునేది కాదు.

కురవి వీరభద్రస్వామి జాతరకు ఒక తెల్లాయన కెమెరాలు వేసుకుని వచ్చాడు. ఆయన కాగితాలు చూడాల్సింది నేనే. చూశాను. చూసేలోపు కుర్చీ వేయించాను, కూల్‌డ్రింక్ తెప్పించాను, గుడి దాకా వెంట నడిచాను. అదే నెలలో మరిపెడలో ఒక పెళ్లికి ఆఫ్రికా నుంచి హైదరాబాద్ వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థి వచ్చాడు. పెళ్లికూతురి అన్న అతని క్లాస్‌మేట్. ఊళ్లో ఎవరో ఫోన్ చేస్తే అతన్ని పిలిపించాను. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా రెండు గంటలు నా బల్ల ముందు నిలబడ్డాడు. నిలబడమని నేను చెప్పలేదు, కూర్చోమనీ చెప్పలేదు.

పెళ్లికూతురి తల్లి చేతులకు పసుపుతోనే వచ్చింది, స్టీలు క్యారియర్‌లో అన్నం పట్టుకుని. అతను నిలబడి ఉండటం చూసింది. ఖాళీ కుర్చీ ఇంకోటి లేదు. నన్ను లెమ్మని చెయ్యి ఊపి, నా కుర్చీ అతని కింద వేసింది.

"మా ఇంటికొచ్చిన పిలగాడు తినకుంట నిలవడ్డడు. మీ ఇంట్ల గిట్లనే చేస్తరా సారూ?" అంది.

అతను తిని, చెయ్యి కడుక్కుని, నాకు థాంక్స్ చెప్పి పోయాడు. ఆ థాంక్స్ ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. మీకు నిజం చెబుతున్నాను, మన దగ్గర కుర్చీ మనిషి రంగును బట్టి వస్తుంది, అతని దేశం ధనవంతమా కాదా అన్నదాన్ని బట్టి వస్తుంది. ఎవరూ మీకు అలా చేయమని చెప్పరు. మీ చెయ్యే చేసేస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండండి.

లింగాల ఘనపూర్ చైనామె

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు జనగామ వచ్చాను. ఒకరోజు లింగాల ఘనపూర్ పక్క ఊరి నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, మా ఊర్లో చైనా మనిషి ఉంటోంది, జర చూడండి అన్నాడు. ఏం చేస్తోందని అడిగితే, పొద్దున చింతపండు గింజలు తీస్తోంది, మధ్యాహ్నం పడుకుంటోంది అన్నాడు. గూఢచారి దినచర్య అలా ఉంటుందని నేను అనుకోలేదు, కానీ పోయాను.

ఊరి చివర చర్చి సందులో రెండు గదుల రేకుల ఇల్లు. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు చింతపండు ముందేసుకుని కూర్చున్నారు. ఒకామె అరవై దాటిన మన మనిషి, పేరు సుగుణమ్మ. రెండో ఆమె నాలుగైదేళ్లు చిన్న. పొట్టిగా, గుండ్రటి ముఖంతో, మన నైటీ మీద తువ్వాలు వేసుకుని ఉంది. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడగట్టుకుని, మేడమ్, యువర్ పాస్‌పోర్ట్ ప్లీజ్ అన్నాను.

"జర ఆగు సార్. చెయ్యి గడుక్కొని తెస్త. నువ్వు నీడకు కూసో" అంది ఆమె.

భాష మీద నాకు కొంచెం పట్టింపు ఉంది. సినిమాల్లో మన మాటను జోకర్లకూ రౌడీలకూ పెట్టి నవ్వించిన కాలం చూసినవాణ్ని. కోస్తా నుంచి వచ్చిన ఒక పాత ఆఫీసరు నా రిపోర్టు చదివి, ఇది తెలుగేనా అని అడిగాడు కూడా. అలాంటిది, పైలోకం నుంచి దిగినట్టు వచ్చిన మనిషి నోట మా అమ్మ మాట్లాడే మాట వినేసరికి నేను అడగాల్సిన ప్రశ్నలు మర్చిపోయాను.

ఆమె పేరు లోర్నా. దేశం ఫిలిప్పీన్స్. పాస్‌పోర్టు, వీసా అన్నీ ఉన్నాయి. ఇంట్లో విదేశీయులను ఉంచుకుంటే పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం కూడా సుగుణమ్మ ఇచ్చేసింది, మన ఆఫీసులోనే ఏదో బొత్తిలో పడి ఉంది. ఆ సంగతి నేను వాళ్లకు చెప్పలేదు.

ఇద్దరూ కువైట్‌లో ఒకే అరబ్బు ఇంట్లో పద్దెనిమిదేళ్లు పని చేశారు. సుగుణమ్మ వంట, లోర్నా పిల్లల పని. మెట్ల కింద ఒకటే గది, ఒకటే పరుపు. లోర్నాకు మన మాట అక్కడే పట్టుబడింది. సుగుణమ్మ భర్త ఇక్కడ పోయినప్పుడు యజమాని ఆమెను పంపలేదు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఆ పది రోజులూ లోర్నా రెండు పనులూ తానే చేసి ఆమెను పడుకోబెట్టింది. పిల్లల్లేరు సుగుణమ్మకు. లోర్నా పెళ్లే చేసుకోలేదు. సంపాదించిందంతా తమ్ముళ్ల చదువులకూ సముద్రం ఒడ్డున ఒక ఇంటికీ పోయింది. ఇల్లు తుపానులో పోయింది, తమ్ముళ్లు తలా ఒక దేశం పోయారు. పని మానేశాక సుగుణమ్మ రమ్మంది, ఆమె వచ్చింది.

ఇక్కడే ఎందుకని నేను పోలీసులాగే అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. మనీలాలో అద్దెకే సరిపోయే డబ్బుతో ఇక్కడ ఇద్దరు తినొచ్చు, మందులు కొనుక్కోవచ్చు, ఆదివారం ఆటోలో జనగామ పోయి ఎండు చేపలు తెచ్చుకోవచ్చు అంది. ఆమె మొదటిసారి వచ్చిన ఏడాదికీ ఇప్పటికీ ఊరే మారిపోయిందట. చేను ఉన్న చోట ప్లాట్లు, తోపుడు బండి మీద కూడా స్కాన్ చేసే అట్ట, ఎటు చూసినా కొత్త స్లాబు. అందరూ అభివృద్ధి అని సంతోషపడుతుంటే ఆమెకు మాత్రం దిగులు పట్టుకుంది.

"ఇది గూడ మనీలా అయితదా సార్? అయితే మల్ల యాడికి పోవాలె?" అని అడిగింది.

ఆఫీసులో ఒక కుర్ర ఎస్సై ఇది విని, చవకని ఎగబడి వస్తారు వీళ్లు అన్నాడు. మన జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్ ఎందుకు పోయారో అతనికి తెలియక కాదు. సొంత మేనమామ దుబాయ్‌లో ఉన్నాడు. అవతలి మనిషి మన దగ్గరికి రావడం ఇంకా కొత్త మనకు, అంతే.

తర్వాత నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఆ అరుగు మీద ఆగేవాణ్ని. పని ఉందని చెప్పుకునేవాణ్ని గానీ లోర్నా ఎండు చేపల్లో పుల్లటి సిర్కా, అదే వెనిగర్, పోసి చేసే కూర కోసమే పోయేవాణ్ని. సుగుణమ్మను నేను అక్కా అనేవాణ్ని, ఆమె నన్ను తమ్మీ అనేది. లోర్నా ఆమెను అక్క అనేది. ఊరంతా లోర్నాను సుగుణమ్మ చెల్లె అనేది. ఎవరికీ అందులో వింత కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

మెమో

లోర్నాది టూరిస్టు వీసా. వచ్చిన ప్రతిసారి కొన్ని నెలలకు మించి ఉండకూడదు, బయటికి పోయి మళ్లీ రావాలి. ఆమె ఎప్పుడూ గడువు దాటలేదు. ఒక ఏడాది మాత్రం గడువు ముగిసే సమయానికి సుగుణమ్మ రెండు కళ్లకూ ఆపరేషన్ పడింది. ఒక కన్ను అయ్యాక ఇంకోటి. చూసుకునేవాళ్లు లేరు. ఇంకొన్నాళ్లు ఉండనివ్వమని లోర్నా దరఖాస్తు పెట్టుకుంది. ఇలాంటివి మామూలుగా ఇవ్వరు, కారణం గట్టిగా ఉంటే చూస్తారు. విచారించి రిపోర్టు రాయమని కాగితం నా దగ్గరికి వచ్చింది.

నాకు సంబరమైంది. తెలిసిన మనుషులు, తెలిసిన ఇల్లు. విచారణకు పోకుండానే బల్ల మీద రాసేశాను. మంచి రిపోర్టు రాశానని కూడా అనుకున్నాను. "సదరు విదేశీయురాలు ప్రస్తుతం తన అక్క సుగుణమ్మ ఇంట్లో నివసిస్తూ, ఆమె ఆరోగ్యం చూసుకుంటున్నారు. ఎటువంటి ఫిర్యాదులు లేవు." సంతకం పెట్టి పంపాను.

మూడు వారాలకు అది తిరిగొచ్చింది, మరో రెండు కాగితాలతో. పైన ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. అక్క అన్న చోట సొంత తోబుట్టువని పడింది. అక్కడి నుంచి లెక్క సూటిగానే పోయింది. భారతదేశంలో మీకు బంధువులున్నారా అన్న ప్రశ్నకు ఈమె వీసా దరఖాస్తులో లేరని రాసింది. స్థానిక పోలీసు స్వయంగా అక్క ఉందని చెబుతున్నాడు. అంటే ఈమె అబద్ధం రాసి వీసా తీసుకుంది. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వకపోతే దేశం విడిచి వెళ్లాలి, ఇకపై వీసా ఉండదు.

ఇకపై ఉండదు అన్న మాట దగ్గర నేను కుర్చీలో కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. కొన్ని నెలలు పోయి రావడం కాదు ఇది. ఈసారి పోతే వాళ్లిద్దరూ మళ్లీ ఒకరినొకరు చూసుకోరు. ఇందులో లోర్నా తప్పు లేదు, సుగుణమ్మ తప్పు లేదు, ఇంగ్లీషులోకి మార్చినవాడి తప్పు కూడా లేదు. నా పెన్ను చేసిన పని.

అప్పటి మా డీఎస్పీ నాకంటే పదిహేనేళ్లు చిన్న. నేను పనిచేసిన ఆఫీసర్లలో కాగితాన్ని పూర్తిగా చదివినవాళ్లు ముగ్గురే ఉన్నారు, ఆయన ఒకడు. రెండుసార్లు చదివాడు.

"సమ్మయ్యా, నువ్వు అబద్ధం రాయలే. కాని కాగితానికి అక్కంటే ఒక్క తల్లి కడుపుల వుట్టినామెనే. నువ్వు గూడ ఆమెను అక్కనే అంటవ్ గదా, మరి నువ్వు లోర్నాకు ఏమైతవ్?" అన్నాడు.

అక్కడున్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వుదామనుకున్నాను, కాలేదు. ఆయన ఆఫీసు కాపీలో అక్క అన్న మాటను ఎర్ర గీతతో కొట్టేయించి, పక్కన నా చేత పొట్టి సంతకం పెట్టించాడు. ఇంటి యజమానురాలి దగ్గర బంధుత్వం ఏదీ లేదని స్పష్టంగా వాంగ్మూలం తీసుకుని, తప్పు నాదేనని నేను విడిగా రాసిస్తే, రెండూ తానే పట్టుకుని పోయి మాట్లాడతానన్నాడు. నాకు మెమో కూడా ఇచ్చాడు. ఇవ్వాల్సిందే.

ఏంగాదు

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి పోయాను. సుగుణమ్మ ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద ఉంది. లోర్నా పొయ్యి దగ్గర ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కొట్టేసిన కాగితం కూడా తీసి చూపించాను. సుగుణమ్మకు చదువు రాదు. ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి, ఇదేం మాట అని అడిగింది. అక్క అని చెప్పాను.

వాంగ్మూలం నేను ముందే రాసుకుని పోయాను. మన స్టేషన్లలో దానికి ఒక వాడుక వాక్యం ఉంది, ముప్పై ఏళ్లుగా రాస్తున్నదే. చదివి వినిపించాను. "పై తెలిపిన లోర్నా అను ఆమె నాకు ఏమీ కాదు."

సుగుణమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "గా మాటకు నేను ఏలు ముద్ర వెయ్య."

ఇది వట్టి కాగితం మాట అక్కా అన్నాను. వేయకపోతే ఆమెను పంపిస్తారు, మళ్లీ రానివ్వరు అన్నాను. ఆమెకు అర్థం కాక కాదు. కానీ మన దగ్గర ఏంగాదు అన్న మాట ఎప్పుడు అంటారో మీకు తెలుసు. అన్నదమ్ములు పంచాయితీలో తెగదెంపులు చేసుకున్నప్పుడు అంటారు. ఇల్లు విడిచిన మొగుణ్ని గురించి అంటారు. దాన్ని మూడు దశాబ్దాలు వందల మంది చేత చెప్పించాను, ఒక్కసారీ నా చెవికి వినపడలేదు.

వేరే మాట వెతికాను. స్నేహితురాలు అని రాద్దామా అంటే, గది సినిమాలల్ల మాట అంది. అద్దెకుంటోంది అని రాద్దామంటే, కిరాయి తీసుకుంటున్నానని అబద్ధమెట్లా చెప్తానంది. పరిచయస్థురాలు అంటే అర్థం అడిగింది. ముఖం ఎరిగిన మనిషి అని చెప్పాను. ఆమె నా వైపు ఆ ఒక్క కంటితో చూసింది.

"నా మొగడు సచ్చిననాడు నేను ఒక్కదాన్నే ఉండి ఉంటే ఆ మెట్ల కిందనే పోయేదాన్ని తమ్మీ. నోట్ల గంజి వోసింది గామె. గామెను ముఖమెరిగిన మనిషంటనా?"

ఆమెకు ఒప్పే మాట కాగితం ఒప్పుకోదు. కాగితం ఒప్పుకునే మాట ఆమె ఒప్పుకోదు. గడువు ఇంకా పది రోజులుంది, రెండో కన్ను ఆపరేషన్ వారంలో ఉంది.

లోర్నా పొయ్యి మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. గోడ వైపు తిరిగి అంది. "సార్, నేను చెప్త రాసుకో. లోర్నా సుగుణమ్మకు ఏంగాదు. సుగుణమ్మ లోర్నాకు ఏంగాదు."

తర్వాత మంచం పక్కన కూర్చుని అరబ్బీలో ఏదో చెప్పింది, చాలాసేపు, మెల్లగా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మెట్ల కింద గదిలో మొదట్లో వాళ్లు మాట్లాడుకున్న భాష అదే కాబోలు. చివరికి సుగుణమ్మ బొటనవేలు చాపింది, మళ్లీ చదవొద్దని నాకు చెప్పింది. నేనే ఆ వేలు పట్టుకుని సిరా మీద ఒత్తి, కాగితం మీద ఒత్తాను. ఆమె వెంటనే కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది.

లోర్నా నన్ను గేటు దాకా సాగనంపింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇయ్యాల అన్నం తినదు. రేపు తింటది. నువ్వు పరేషాన్ గాకు" అంది.

బండి స్టార్ట్ చేసి, సందు మలుపు తిరిగాక పక్కకు ఆపుకుని ఏడ్చాను. పోలీసువాడు ఏడ్చాడని రాయడానికి నాకేం మొహమాటం లేదు ఇప్పుడు.

డీఎస్పీ సారు అన్న మాట నిలబెట్టుకున్నాడు. కాగితాలు తానే తీసుకుపోయి మాట్లాడాడు. లోర్నా అబద్ధం ఆడలేదని ఒప్పుకున్నారు, ఆపరేషన్లు అయ్యేదాకా ఉండనిచ్చారు. ఆ తర్వాత ఆమె ఎప్పటిలాగే గడువుకు బయటికి పోతూ, వీసా మీద వస్తూ ఉంది. నేను రిటైరయ్యాను.

పిల్లలకు చెప్పేది ఒకటే. బాగా తెలిసిన మనుషుల గురించి రాసేటప్పుడే ఎక్కువ జాగ్రత్త పడండి. మీరు రాసిన ప్రతి మాటనూ ఆ మనిషి వింటే ఎలా వింటారో ఒకసారి, ఆ ముఖం ఎన్నడూ చూడని ఆఫీసు వింటే ఎలా వింటుందో ఒకసారి చదువుకోండి. నేను మొదటి కాగితంలో ఆఫీసును మర్చిపోయాను, రెండో కాగితంలో మనిషిని మర్చిపోయాను.

జనగామ దవాఖానలో

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం లోర్నా ఫోన్ చేసింది. సుగుణమ్మ నీళ్లు పోసుకునే జాలాట్లో కాలుజారి పడింది, తుంటి ఎముక విరిగింది, జనగామ పెద్ద దవాఖానలో ఉన్నాం, నువ్వు ఒకసారి రా అంది. నేను చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ పోయాను.

సుగుణమ్మ వరండాలో స్ట్రెచర్ మీద ఉంది, ఆపరేషన్‌కు తీసుకుపోవడానికి సిద్ధం చేసి. పక్కన లోర్నా ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ ఇంటివాళ్లు సంతకం పెట్టే కాగితం. సిస్టర్ వచ్చి రెండుసార్లు అడిగి పోయిందట. పేరు రాయించుకుంది, ఊరు రాయించుకుంది. రోగితో సంబంధం అన్న చోట మాత్రం ఖాళీగా ఉంది.

లోర్నా నన్ను స్ట్రెచర్‌కు కొంచెం దూరంగా తీసుకుపోయి గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఈడ ఏం రాయాలె? నేను ఏంగానని పోలీస్ కాడ కాగితం ఉన్నది. ఈడ చెల్లె అని రాస్తే ఏది అబద్ధమైతది? గదా, గిదా? మల్ల నన్ను పంపిస్తరా?"

అన్నేళ్లూ ఆ భయాన్ని ఆమె మనసులో పెట్టుకునే తిరిగిందని నాకు అప్పుడు తెలిసింది. ఒక కాగితం మీద తప్పు దిద్దానని నేను హాయిగా రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఆమె మాత్రం ప్రతిసారీ విమానం దిగి, ఆ ఇంటికి పోయి, ఏంగానన్న మనిషి పక్కన పడుకుంది.

"ఏం గాదు, రాయి తల్లీ. ఇది దవాఖాన కాగితం. నిన్నెవ్వరు పంపరు" అన్నాను.

ఆమె రాయలేదు. కాగితాన్నీ పెన్నునూ నా చేతిలో పెట్టింది. "నువ్వే రాయి సార్" అంది.

గోడకు ఆనించి రాశాను. చెల్లెలు అని రాసి ఇచ్చాను. ఆమె కింద సంతకం చేసింది. సిస్టర్ తీసుకుని, చదవకుండానే ఫైల్లో పెట్టుకుంది.

స్ట్రెచర్ కదిలేటప్పుడు సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. మందు మత్తులో కళ్లు మూతలు పడుతున్నాయి. మేం మాట్లాడుకున్నది విన్నదో లేదో తెలియదు.

"ఏం రాసినవ్ తమ్మీ?" అంది.

"చెల్లె అని రాసిన అక్కా."

"ఈపాలి కొట్టెయ్యకు" అంది.